చంటిబిడ్డకు బేబీ క్యారియర్: మీ ఇంటికి తగినదాన్ని ఎంచుకోవడం, సరిగ్గా కట్టుకోవడం

కాన్పు దగ్గరపడిన ఇళ్లలోనూ, పురుడు పోసుకుని పుట్టింట్లో ఉన్న బాలింతల దగ్గరా తరచుగా వినబడుతున్న ప్రశ్న ఇది: బిడ్డను ఒంటికి కట్టుకుని ఎత్తుకోవడానికి వాడే బేబీ క్యారియర్లలో ఏది కొనాలి? ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకోవడం తేలికే గాని, దానివల్ల అడిగినవారికి ఒరిగేది లేదు. భీమవరంలో అపార్ట్‌మెంటులో ఉండే తండ్రి భుజాలకు చక్కగా అమరిన క్యారియర్, కోనసీమలో నేత చీర కట్టుకుని పగలంతా మనవరాలిని చూసుకునే అమ్మమ్మ నడుముకు అసలు అమరకపోవచ్చు.

అందువల్ల ముందు ఎత్తుకునే మనిషిని, తరువాత బిడ్డను, ఆపైన వాడే చోటును చూసుకోవాలి. ఆ మూడూ తేలిన తరువాతే క్యారియర్ రకాన్ని నిర్ణయించుకోవాలి. చాలామంది ఫోనులో బొమ్మ చూసి ముందే కొనేసి, ఆనక అందులో మనిషినీ బిడ్డనూ ఇమడ్చాలని తంటాలు పడుతున్నారు. కింది అంచెలను వరసగా పాటిస్తే ఆ అవస్థ ఉండదు.

## 1. ఎత్తుకునేది ఎవరో ముందు తేల్చుకోండి

బిడ్డను రోజులో ఎక్కువసేపు ఎత్తుకునేది ఎవరో నిజాయితీగా ఆలోచించండి. తల్లి ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో ఆ మనిషి అమ్మమ్మో నానమ్మో అవుతుంది. తండ్రి సాయంత్రం కాసేపు ఎత్తుకుంటే, ఆవిడ పగలంతా ఎత్తుకుంటుంది. అలాంటప్పుడు కొలత ఆవిడది తీసుకోవాలి.

నడుము కొలతను మామూలుగా కట్టుకునే బట్టల మీదనే టేపుతో తీసుకోండి. చీర కుచ్చిళ్ల మందంతో కలిపితే నడుము కొలత పెరుగుతుంది. బెల్టు కనిష్ఠ, గరిష్ఠ కొలతలను అమ్మేవారి వివరాల్లో చూసి, ఇంట్లో సన్నని మనిషికీ లావైన మనిషికీ రెండింటికీ అది సరిపోతుందో లేదో పోల్చుకోండి.

పెద్ద ఆపరేషన్ అయిన బాలింత కుట్టు మీద నడుము బెల్టు ఒత్తిడి పడకూడదు. ఎప్పటినుంచి బరువు ఎత్తవచ్చో కాన్పు చేసిన డాక్టరు చెప్పాలి. ఆ అనుమతి వచ్చాక కూడా బెల్టును కుట్టుకు బాగా పైన కట్టుకోవడమో, నడుము బెల్టు లేని రకాన్ని వాడటమో మంచిది.

మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి ఉన్న పెద్దవారికి ఒంటి భుజం మీద బరువు పడే రకాలు పనికిరావు. నడుము బెల్టు, క్లిప్పులు ఉండి, రెండు భుజాలకూ నడుముకూ బరువు పంచే బకిల్ క్యారియర్ వారికి తగినది. కళ్లు తిరగడం, నడకలో తూలడం ఉన్నవారు మాత్రం బిడ్డను క్యారియర్‌లో పెట్టుకుని నడవనే కూడదు. కూర్చుని ఒడిలో ఆడించడమే వారికి క్షేమం.

రాసి పెట్టుకోవలసినవి:

- ఎక్కువసేపు ఎత్తుకునే మనిషి ఎవరు, రెండో మనిషి ఎవరు
- ఇద్దరి నడుము కొలతలు, మామూలుగా కట్టుకునే బట్టల మీద
- ఎవరికైనా ఆపరేషన్ కుట్లు, నడుము లేదా మెడ నొప్పి ఉన్నాయా
- ఒక్కోసారి ఎంతసేపు ఎత్తుకోవలసి వస్తుంది: పావుగంటా, గంటా
- ఎక్కువగా ఇంట్లోనా, వీధిలోనా, బస్సు ప్రయాణంలోనా

## 2. బిడ్డ బరువు, మెడ, తుంటి చూసుకోండి

చాలా బకిల్ క్యారియర్లకు కనిష్ఠ బరువు 3.2 నుంచి 3.6 కిలోల మధ్య ఉంటుంది. మన దేశంలో నెలలు నిండి పుట్టిన బిడ్డ సగటు బరువు అంతకంటే కాస్త తక్కువే గనుక, పుట్టిన వెంటనే చాలామంది పిల్లలు ఆ గీత దగ్గరో దాని కిందో ఉంటారు. 6, 10, 14 వారాల టీకాలకు వెళ్లినప్పుడు బిడ్డను తూచి తల్లీబిడ్డల కార్డులో రాస్తారు. పెట్టె మీద రాసిన నెలలను నమ్ముకోకుండా ఆ కార్డులోని బరువును చూసుకోండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను, 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను, ఊపిరి ఇబ్బంది ఉన్న బిడ్డను పిల్లల డాక్టరును అడగకుండా ఏ క్యారియర్‌లోనూ పెట్టకండి. ఆసుపత్రిలో నర్సులు నేర్పే కంగారూ పద్ధతి వేరు. అందులో బిడ్డను తల్లి ఛాతీకి చర్మానికి చర్మం తగిలేలా, సిబ్బంది చెప్పిన తీరులో కట్టుకుంటారు. బజారులో కొన్న క్యారియర్ దానికి బదులు కాదు.

ఎదురుకాళ్లతో ఉండి పుట్టిన బిడ్డకు, దగ్గరి బంధువుల్లో పుట్టుకతో తుంటి జారిన చరిత్ర ఉన్న బిడ్డకు ముందు తుంటి పరీక్ష చేయించండి. పిల్లలందరికీ వర్తించే సూత్రం ఒకటుంది. తొడలు కింద నుంచి ఆనిక పొంది, కాళ్లు పక్కలకు విచ్చుకుని, మోకాళ్లు పిరుదుల కంటే కాస్త ఎత్తున ఉండాలి. కాళ్లు నిలువునా వేలాడే ఇరుకు పట్టీ క్యారియర్లలో తుంటికి ఈ ఆనిక దొరకదు.

ఇక దశల విషయం. మెడ నిలవని బిడ్డను ఎప్పుడూ ముందువైపు, మన ఛాతీకి ముఖం ఉండేలా ఎత్తుకోవాలి. మెడ పూర్తిగా నిలిచి, క్యారియర్ తయారీదారు అనుమతించిన బరువు వచ్చాకే ముఖం బయటికి తిప్పాలి. అది కూడా కొద్దిసేపే, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడే. వీపు మీదికి మార్చడానికి బిడ్డ ఆసరా లేకుండా కూర్చోగలగాలి. సుమారుగా అది 6 నెలలు దాటిన తరువాతి సంగతి.

## 3. రకాలు, వాటిలో మనకు పనికివచ్చేవి

సాగే గుడ్డ. పొడవైన సాగే బట్టను ఒంటికి చుట్టి కడతారు. చిన్న బిడ్డకు మెత్తగా ఉంటుంది గాని, బిడ్డ మీద రెండు మూడు పొరలు పడతాయి. చలికాలపు కాన్పుకు ఫరవాలేదు. ఏప్రిల్‌లో పుట్టిన బిడ్డకు నేను ఇది సూచించను. బరువు పెరిగేకొద్దీ సాగి కిందికి జారుతుంది కూడా.

నేసిన గుడ్డ. సాగని నూలు బట్ట, పొడవు సుమారు నాలుగున్నర నుంచి అయిదు మీటర్లు. ఒక పొరతో కట్టే ముడులు నేర్చుకుంటే వేడి తక్కువ, చాలాకాలం పనికివస్తుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

రింగు స్లింగు. ఒక భుజం మీదుగా వచ్చే బట్టను రెండు రింగుల గుండా లాగి బిగిస్తారు. పొర ఒక్కటే, తొడుక్కోవడం తీయడం త్వరగా అవుతుంది, నడుము బెల్టు ఉండదు. ఇంట్లో పావుగంట, అరగంట ఎత్తుకోవడానికి మన గోదావరి డెల్టా ఉక్కలో ఇంతకంటే హాయిగా ఉండేది లేదు. బరువంతా ఒక భుజం మీదే పడుతుంది గనుక దూరపు నడకకు మాత్రం వద్దు.

నాలుగు పట్టీల కట్టు. బిడ్డను ఆనించే బట్టకు నాలుగు పొడవు పట్టీలు ఉంటాయి, బకిళ్లు ఉండవు. ఏ ఒంటికైనా సరిపోతుంది. అయితే కట్టేటప్పుడు పట్టీలు నేల మీద పడతాయి, వానాకాలపు వీధిలో అది చికాకు.

బకిల్ క్యారియర్. నడుము బెల్టు, భుజం పట్టీలు, క్లిప్పులు ఉన్న రకం. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి ఎత్తుకునేటప్పుడు దీన్ని మించినది లేదు. పిరుదుల కింది వెడల్పును, బిడ్డ వీపును కప్పే వీపు పట్టీ ఎత్తును బిడ్డతోపాటు పెంచుకోగలిగినదే ఎంచుకోండి.

కూర్చోబెట్టే పీట ఉన్న రకం. నడుము బెల్టుకు గట్టి పీట ఉంటుంది. కూర్చోగలిగిన బిడ్డకే అది పనికివస్తుంది.

ఉయ్యాలలాగా బిడ్డను అడ్డంగా, వంకరగా పడుకోబెట్టే సంచి స్లింగులను అసలు కొనకండి. ఎవరైనా బహుమతిగా ఇచ్చినా వాడకండి. వాటిలో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని, ఊపిరి దారి మూసుకుపోవచ్చు. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ 2010 మార్చిలో స్లింగుల గురించి హెచ్చరిక జారీ చేసినప్పుడు, అప్పటికి గడచిన 20 ఏళ్లలో తాము పరిశీలించిన కనీసం 14 మరణాల్లో 12 మంది 4 నెలల లోపు పిల్లలేనని చెప్పింది. నాలుగు నెలలు నిండేదాకా మెడ గురించీ ఊపిరి గురించీ పదేపదే హెచ్చరించేది ఇందుకే.

పాత చీరతో కట్టుకోవచ్చునా అని చాలామంది అడుగుతారు. ఉయ్యాలకు వాడి వాడి నలిగిన చీర పోగులు బలం కోల్పోయి ఉంటాయి గనుక వద్దు. జార్జెట్, సిల్కు, పాలిస్టర్ చీరలు ముడి దగ్గర జారతాయి. ఒత్తుగా నేసిన, జరీ లేని కొత్త నూలు చీర నేసిన గుడ్డలాగా పనికివస్తుంది. అయితే ఆ కట్టును తెలిసినవారి దగ్గర ప్రత్యక్షంగా నేర్చుకున్న తరువాతే బిడ్డను అందులో పెట్టాలి.

నా సలహా: మెడ నిలవని బిడ్డకు ఇంట్లో వాడకానికి రింగు స్లింగు ఒకటి, మూడు నాలుగు నెలల నుంచి ఏడాదిన్నర దాకా అందరూ వాడటానికి వెడల్పు మారే పల్చని బకిల్ క్యారియర్ ఒకటి. ఒక్కటే కొనగలిగితే బకిల్ రకమే కొనండి. అది మీ బిడ్డ ప్రస్తుత బరువుకు, కొలతకు సరిపోవాలి.

## 4. ఉక్కకు తగిన బట్ట

మన డెల్టాలో ఎండ ఒక్కటే బాధ కాదు. సముద్రపు తేమ, కాలువలు, చేలలో నిలిచిన నీరు కలిసి చెమటను ఆరనివ్వవు. క్యారియర్‌లో బిడ్డ ముందుభాగం మన ఛాతీకి అంటుకుని ఉంటుంది, వీపు మీద బట్ట ఉంటుంది. ఇద్దరి ఒంటి వేడీ మధ్యలో నిలిచిపోతుంది. కాబట్టి క్యారియర్ ప్రతి పొరనూ బిడ్డకు తొడిగిన మరో చొక్కాగా లెక్కపెట్టండి.

బట్టను పరీక్షించడానికి తేలికైన పద్ధతి ఉంది. వీపు పట్టీని నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతల అరచెయ్యి పెడితే గాలి తగలాలి. తగలకపోతే లోపల ఫోమో, మందపు అస్తరో ఉందని అర్థం. బయట జాలీ కనిపించినా లోపల స్పాంజి కుట్టిన క్యారియర్లు బజారులో ఉన్నాయి. అందుచేత జాలీ అన్న మాట చూసి మోసపోకుండా ఊది చూడండి.

నూలు, నార బట్టలు చెమట పీలుస్తాయి గాని ఆరడానికి సమయం పడుతుంది. పాలిస్టర్ జాలీ చెమట పీల్చదు గాని గాలి ఆడనిస్తుంది, త్వరగా ఆరుతుంది. ఎక్కువగా ఇంట్లో, ఫ్యాను కింద వాడేవారికి పల్చని నూలు మేలు. ఎక్కువగా బయట తిరిగేవారికి జాలీ మేలు.

వేసవిలో బిడ్డకు పల్చని నూలు జుబ్బా ఒకటి చాలు. మీ ఛాతీకీ బిడ్డకూ మధ్య పల్చని తువ్వాలు మడత ఉంచి, తడిసినప్పుడు మార్చండి. దాని అంచు బిడ్డ ముక్కు దగ్గరికి రాకూడదు. ఎండలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా బయటికి వెళ్లే పనులు పెట్టుకోకండి. ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్లు పట్టకుండా, తల్లిపాలే మామూలుకంటే ఎక్కువసార్లు ఇవ్వండి.

బిడ్డకు వేడి చేసిందో లేదో చేతులు, పాదాలు పట్టి చూస్తే తెలియదు. మెడ వెనుక రెండు వేళ్లు పెట్టి చూడండి. అక్కడ కాలుతున్నట్టు ఉన్నా, చెమటతో జిగటగా ఉన్నా, ముఖం ఎర్రబడినా, బిడ్డ డీలాపడినా వెంటనే బయటికి తీసి గాలి తగలనివ్వండి. పాలు తాగకుండా మత్తుగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ధనుర్మాసపు మంచులో దీనికి వ్యతిరేకమైన పొరపాటు జరుగుతుంది. చెవులకు చలి తగులుతుందని ఉన్ని టోపీ పెట్టి, పైన శాలువా కప్పేస్తారు. శాలువాను మీ భుజాల మీద, బిడ్డ వీపు చుట్టూ కప్పుకోండి గాని ముఖం మీదికి రానివ్వకండి.

## 5. చీర, పైట, నగలు

కంపెనీల బొమ్మల్లో అందరూ ప్యాంటూ చొక్కా వేసుకుని కనిపిస్తారు. మన ఇళ్లలో బిడ్డను ఎత్తుకునే మనిషి చీరలోనో, నైటీలోనో, లుంగీలోనో ఉంటుంది. అందుకే ఈ విషయాన్ని విడిగా చెబుతున్నాను.

చీర మీద నడుము బెల్టు పెట్టినప్పుడు కుచ్చిళ్ల పైభాగం బెల్టు కింద ముద్దగా చేరుతుంది. కాసేపు నడిచాక ఆ ముద్ద కిందికి జారితే బెల్టు వదులవుతుంది, దానితోపాటు బిడ్డా కిందికి దిగుతుంది. దీనికి విరుగుడుగా కుచ్చిళ్లను అరచేత్తో చదును చేసి, బెల్టును బొడ్డుకు పైగా, కుచ్చిళ్లు దోపిన చోటుకు పైన కట్టుకోండి. పది అడుగులు నడిచి చూసి మళ్లీ బిగించిన తరువాతే బిడ్డను ఎక్కించండి.

పైటను ముందే నడుముకు చుట్టి గట్టిగా దోపుకోవాలి. భుజం పట్టీ కింద పైట మడతలు పడితే పట్టీ జారుతుంది, వదులుగా వేలాడే చెంగు బిడ్డ ముఖం మీద పడుతుంది.

భుజం దగ్గర, రవికె దగ్గర పెట్టిన పిన్నీసులన్నీ తీసేయండి. బిడ్డ బుగ్గ ఆనేది సరిగ్గా ఆ చోటే. సూత్రాలు, నల్లపూసల దండ, పొడవు గొలుసు వీపు వైపు వేసుకోవాలి, లేదా తీసి పెట్టాలి. బిడ్డ గొలుసును గుప్పిట పట్టుకుని లాగితే ఇద్దరికీ దెబ్బే. గాజుల్లో పగిలిన అంచు ఉన్నవి ఉన్నాయేమో చూసుకోండి.

బిడ్డ విషయంలోనూ ఇలాంటి తనిఖీ ఉంది. మొలతాడుకు కట్టిన తాయెత్తు, వెండి మొలతాడు కొక్కెం నడుము పట్టీ కింద ఒత్తుకుంటాయి. కాళ్ల పట్టీల మువ్వలు బట్ట జాలీలో చిక్కుకుంటాయి. మెడలో దారం ఏదీ ఉండకూడదు. నూనె రాసి నలుగు పెట్టిన వెంటనే కాకుండా, స్నానమై ఒళ్లు పూర్తిగా ఆరిన తరువాతే క్యారియర్‌లో పెట్టండి.

లుంగీ కట్టుకున్న తాతయ్యలు బెల్టును లుంగీ ముడి మీద కాకుండా దానికి పైన కట్టుకోవాలి. ముడి వదులైతే రెండు చేతులూ దానికే పోతాయి.

## 6. చేతికి వచ్చిన క్యారియర్‌ను పరీక్షించండి

కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి పట్టణాల్లో దుకాణానికి వెళ్లి కట్టుకుని చూడగలిగితే మంచిది. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు వాపసు గడువు ముగియకముందే ఈ తనిఖీలన్నీ పూర్తిచేయాలి. అప్పటిదాకా లేబుళ్లు కత్తిరించకండి, ఉతకకండి.

- లేబుల్ మీద కనిష్ఠ, గరిష్ఠ బరువు, తయారీదారు పేరు, వాడుక సూచనలు ఉన్నాయా
- ఈఎన్ 13209-2 (యూరప్) లేదా ఏఎస్‌టీఎం ఎఫ్2236 (అమెరికా) భద్రతా ప్రమాణం పేరు బకిల్ క్యారియర్ మీద ఉందా. స్లింగు అయితే ఏఎస్‌టీఎం ఎఫ్2907 ఉందా
- భుజం పట్టీ బట్టతో కలిసే చోట అడ్డదిడ్డంగా పలుమార్లు కుట్టు వేశారా, పోగులు లేచి ఉన్నాయా
- క్లిప్పు పెట్టినప్పుడు టక్కుమని వినబడుతోందా, లాగితే ఊడుతోందా
- పట్టీని బిగించి బలంగా లాగినప్పుడు బకిల్‌లోంచి జారుతోందా
- రింగులకు అతుకు గీత, గరుకు అంచు ఉన్నాయా, ఉంటే వద్దు

కొలత సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి బిడ్డను ఒడిలో కప్పలా కాళ్లు విచ్చుకునేలా కూర్చోబెట్టి, ఒక మోకాలి మడత నుంచి పిరుదుల కిందుగా రెండో మోకాలి మడత దాకా టేపు పట్టండి. క్యారియర్‌లో పిరుదుల కింద ఆనే భాగం, అంటే పీట వెడల్పు ఆ కొలతకు దగ్గరగా ఉండాలి. మోకాలు దాటి వస్తే బిడ్డకు పెద్దది, తొడ మధ్యలోనే ఆగితే చిన్నది. వీపు పట్టీ చంటిబిడ్డకు చెవి కింది దాకా రావాలి గాని తలను పూర్తిగా కప్పకూడదు.

## 7. కట్టుకునే క్రమం

మొదటి రెండు మూడు సార్లు బిడ్డకు బదులు మూడు కిలోల బియ్యం మూటను తువ్వాలులో చుట్టి సాధన చేయండి. ఆ తరువాత కూడా కొన్నాళ్లు మంచం పక్కన, మరో మనిషి దగ్గర ఉండగానే కట్టుకోండి. బిడ్డ పాలు తాగి, త్రేన్పు వచ్చి, లంగోటా పొడిగా ఉన్న సమయం చూసుకోండి.

బకిల్ క్యారియర్ ముందువైపు కట్టుకోవడం:

1. పట్టీలన్నీ వదులు చేయండి. పీట వెడల్పును బిడ్డకు తగినట్టు అమర్చండి.
2. నడుము బెల్టును అడ్డంగా, సమంగా కట్టి బిగించండి. బిగువు ఎంతంటే రెండు వేళ్లు దూరితే చాలు.
3. బిడ్డను భుజానికి ఎత్తుకుని, కాళ్లు రెండూ మీ నడుముకు ఇరువైపులా వచ్చేలా మెల్లగా కిందికి దించండి.
4. ఒక చేత్తో బిడ్డ వీపు, మెడ పట్టుకునే ఉండి, రెండో చేత్తో వీపు పట్టీని పైకి తీసుకురండి.
5. ఒక భుజం పట్టీ వేసుకుని, చెయ్యి మార్చి రెండోది వేసుకోండి. బిడ్డ మీద ఒక చెయ్యి అన్నివేళలా ఉండాలి.
6. వీపు మీది అడ్డ క్లిప్పును పెట్టండి. అందకపోతే క్లిప్పును మెడ దగ్గరికి ఎత్తుగా అమర్చి, వేసుకున్నాక కిందికి లాగండి.
7. రెండు భుజం పట్టీలనూ సమానంగా బిగించండి.
8. రెండు చేతులూ బిడ్డ మోకాళ్ల కింద పెట్టి, మోకాళ్లను కాస్త పైకి, పిరుదులను కాస్త లోపలికి ఒదిగించండి.

తీసేటప్పుడు ఇదే వరసను వెనకనుంచి పాటించండి. బిడ్డ బయటికి వచ్చేదాకా నడుము బెల్టు విప్పకూడదు.

రింగు స్లింగులో రింగులు మెడ ఎముకకు కాస్త కింద, భుజం ముందుభాగంలో నిలవాలి. బట్టను ఒక్కసారిగా లాగకుండా పై అంచు, మధ్యభాగం, కింది అంచు అని విడివిడిగా లాగి బిగిస్తేనే బిడ్డ వీపుకు సమంగా ఆనుతుంది.

## 8. అడుగు వేసే ముందు ఊపిరి తనిఖీ

కట్టుకున్న ప్రతిసారీ, తరువాత కొద్ది నిమిషాలకొకసారీ ఈ అయిదూ చూడండి. బిడ్డ నిద్రపోతే మరింత తరచుగా చూడాలి.

- క్యారియర్ బిగుతుగా ఉందా. మీరు ముందుకు కొద్దిగా వంగితే బిడ్డ మీ ఛాతీ నుంచి విడిపోతోందా
- తల వంచి చూస్తే బిడ్డ ముఖం, ముక్కు, నోరు కనబడుతున్నాయా
- మెడ వంచి బిడ్డ నడినెత్తిన ముద్దు పెట్టుకోగలిగేంత ఎత్తులో ఉందా
- గడ్డానికీ ఛాతీకీ మధ్య కనీసం ఒక వేలు దూరేంత ఖాళీ ఉందా
- వీపు మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కితే బిడ్డ కుంగిపోకుండా నిలుస్తోందా

గుర్రుమని శబ్దం వచ్చినా, పెదవులు నీలంగా మారినా బిడ్డను తక్షణం బయటికి తీయండి. క్యారియర్ వదులుచేసి పాలిచ్చిన తల్లులు, పాలు తాగడం అయిన వెంటనే బిడ్డను మళ్లీ పై ఎత్తుకు తెచ్చి బిగించాలి. రొమ్ము దగ్గరే ముఖం ఉండి నిద్రపోనివ్వకూడదు. నాలుగు నెలల లోపు బిడ్డకైతే క్యారియర్‌లోంచి తీసి పాలివ్వడమే సరైన పని.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

భుజాలు లాగేస్తున్నాయని చాలామంది భుజం పట్టీలను వదులు చేస్తారు. అప్పుడు బిడ్డ దూరమై బరువు ఇంకా ఎక్కువ లాగుతుంది. నడుము బెల్టును ఎత్తున కట్టి, పట్టీలను బిగించి, అడ్డ క్లిప్పును రెండు రెక్కల ఎముకల మధ్యకు దించండి.

బిడ్డ ఒక పక్కకు ఒరిగితే ఒక పట్టీ పొడవు, రెండోది పొట్టి అయిందని అర్థం. రెండింటి కొసలనూ పట్టుకుని పొడవు పోల్చి సరిచేయండి.

పెట్టగానే ఏడుస్తుంటే కదలకుండా నిలబడకండి. మెల్లగా నడవండి, వీపు తట్టండి. కొద్ది నిమిషాల్లో సర్దుకోకపోతే తీసేయండి. మోకాలి మడతల్లో, తొడల మీద ఎర్రని చార ఉంటే అంచు ఒరుసుకుంటోంది గనుక పీట వెడల్పును మార్చాలి.

నేల మీద పడిన వస్తువు తీయడానికి నడుము వంచడం మరో ప్రమాదం. మోకాళ్లు మడిచి, ఒక చేత్తో బిడ్డ తల పట్టుకుని కిందికి దిగండి.

ఎండో, దుమ్మో, దిష్టో తగులుతుందని బిడ్డ తల మీదుగా పైట కప్పడం మన దగ్గర పరిపాటి. దాని కింద గాలి ఆడదు, మీకు ముఖం కనబడదు. నీడకు గొడుగు పట్టండి.

## 10. క్యారియర్ వాడకూడని చోట్లు

మోటారు సైకిలు, స్కూటరు. బేబీ క్యారియర్ రక్షణ పట్టీ కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2022లో ప్రకటించి 2023 ఫిబ్రవరి నుంచి అమలు చేసిన సవరణ ప్రకారం, నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకుంటే రక్షణ పట్టీ కట్టాలి, 9 నెలలు దాటినవారికి హెల్మెట్ పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. చంటిబిడ్డకు సరిపోయే హెల్మెట్ ఉండదు గనుక బస్సో, కారో చూసుకోండి.

కారు. క్యారియర్‌లో కట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం అత్యంత ప్రమాదకరం. గుద్దుకున్నప్పుడు మీ బరువు బిడ్డ మీద పడుతుంది. కారుకు పిల్లల సీటు వేరే ఉండాలి.

పంటు, పడవ, లాంచీ. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్యనో, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్యనో రేవు దాటేవారు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బిడ్డ మీ ఒంటికి కట్టి ఉండగా నీటిలో పడితే ఇద్దరూ ఒకరినొకరు కిందికి లాగుతారు, బకిల్ విప్పే వ్యవధి ఉండదు. పంటు ఎక్కేముందే క్యారియర్ విప్పి, బిడ్డను చేతుల్లో పట్టుకుని, అంచుకు దూరంగా కూర్చోండి. పాచి పట్టిన రేవు మెట్లూ, వానకు నానిన కాలువ గట్టూ, చేను గట్టూ కూడా క్యారియర్‌తో నడిచే చోట్లు కావు.

వంటగది. పొయ్యి, కాగే నూనె, గంజి వార్చడం, వేడి టీ గ్లాసు, కత్తిపీట ఉన్న చోట బిడ్డను కట్టుకుని నిలబడకూడదు. గిన్నెలు సర్దడం, బట్టలు మడతపెట్టడం లాంటి పనులు చేసుకోవచ్చు.

అంతర్వేది తీర్థం లాంటి రద్దీలో బిడ్డను వీపు మీద కాకుండా ముందువైపే ఉంచుకోండి. తోపులాట మొదలైతే వరస వదిలి పక్కకు రండి.

## 11. ఉతకడం, వానాకాలంలో దాచడం

తయారీదారు చెప్పిన తీరులోనే ఉతకండి. బకిళ్లు పెట్టేసి, వల సంచిలో వేసి, చన్నీళ్లతో మృదువైన సబ్బు వాడితే చాలు. ఉడకబెట్టడం, బండకేసి బాదడం, బ్లీచింగు పనికిరావు. బిడ్డ నోట్లో పెట్టుకుని చప్పరించే భుజం పట్టీలకు విడిగా నూలు తొడుగులు వేసి, వాటిని మాత్రం రోజూ ఉతుక్కోవచ్చు.

శ్రావణ భాద్రపదాల్లో నడుము బెల్టు లోపలి ఫోము రెండు రోజులైనా ఆరదు. అలాగే మడిచి బీరువాలో పెడితే బూజు పడుతుంది. ఫ్యాను కింద, బెల్టును నిలువుగా వేలాడదీసి ఆరబెట్టండి. చేత్తో గట్టిగా నొక్కినప్పుడు చల్లదనం తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తీవ్రమైన ఎండలో రోజులకొద్దీ వదిలేయడం కూడా మంచిది కాదు, బట్టా క్లిప్పులూ పెళుసుబారతాయి. ఎలుకలు కొరికిన జాడలు ఉన్నాయేమో దాచినది తీసినప్పుడల్లా చూడండి.

బంధువుల ఇంటి నుంచి వచ్చిన పాత క్యారియర్‌ను 6వ అంచెలోని జాబితాతో పూర్తిగా పరీక్షించాకే వాడండి. బరువు లేబుల్ ఊడిపోయినది, క్లిప్పు చెవి విరిగినది, కుట్టు వదిలినది వాడకండి. ఊడిన కుట్టును ఇంట్లో సూదీదారంతో వేసి బిడ్డను అందులో పెట్టకూడదు. విరిగిన క్లిప్పుకు బదులు సంచి క్లిప్పు తగిలించడమూ అంతే ప్రమాదం. అలాంటి క్యారియర్‌ను మరొకరికి ఇవ్వకుండా, పట్టీలు కత్తిరించి పారేయండి.